జారినంతసేపూ

తెర మీద యాభై ఎనిమిది పోయి యాభై ఏడు వచ్చింది. మీ నాలుగు చోట్లనీ గంటసేపు పట్టి ఉంచుతాం, ఈలోపు అందరి వివరాలూ నింపండి, లేదంటే వేరేవాళ్లకి వెళ్లిపోతాయి అని ఆ అంకెల తాత్పర్యం. సరిగ్గా మూడింటికి భర్త ఫోన్ చేసి, ఊపిరైనా తీసుకోకుండా, "దొరికాయి! మంచుకొండ మీద మొదటిసారి స్కీయింగ్ నేర్చుకునేవాళ్ల జట్టులో ఆఖరి నాలుగూ మనకే. మూడు మాకు, నాలుగోది నీకు. నీకొద్దనుకుంటే 'చూసేవారు' అని కింద ఇంకో గడి ఉంది, అందులో పెట్టేసుకో. నీ ఇష్టం. నేను వేలాడుతున్నా, ఉంటా" అని పెట్టేశాడు. వేలాడుతున్నా అంటే ఏ పదకొండో అంతస్తు దగ్గరో లిఫ్టు నెత్తిమీద నిలబడి తాళ్లు చూస్తున్నా అని. పెళ్లైన కొత్తలో ఆ మాట వింటే ఆమెకి గుండె గుభేలుమనేది. పదహారేళ్లలో అది వీధి చివరిదాకా వెళ్లొస్తా అన్నంత మామూలు మాటైపోయింది. కానీ ఈ 'నీ ఇష్టం' ఎప్పటికీ మామూలు మాట కాలేదు. అది ఇప్పుడు భోజనాల బల్ల మీద, కంప్యూటరుకీ తడిగుడ్డకీ మధ్య, ఎవరో పెట్టి మరిచిపోయిన సామానులా కూర్చుని ఉంది.

ఫారంలో నాలుగు వరసలు. ఎత్తు, బరువు, పాదం పొడవు, ఆ చివర ఒక వింత ప్రశ్న: మీరు ఎలాంటివారు? జాగ్రత్తగా వెళ్లేవారా, మామూలుగా వెళ్లేవారా, దూకుడుగా వెళ్లేవారా? ఆమెకి నవ్వొచ్చింది. ఈ ఇంట్లో ఆమె పేరే జాగ్రత్తమ్మ. "జాగ్రత్త, జారతారు" అని రోజుకి ఎన్నిసార్లు అంటుందో చిన్నది ఒకరోజు పలక మీద గీతలు పెట్టి లెక్కేస్తే, పడుకునే వేళకి నలభై ఒకటి తేలాయి. గుమ్మం గుమ్మానికీ పట్టా, పట్టా కింద రబ్బరు, స్నానాల గదిలో ఎవరు బయటికొస్తే వాళ్ల వెనకాలే పొడిగుడ్డ. మా ఇంట్లో కాలు జారదండీ, అప్పుడప్పుడూ నా నోరే జారుతుంది అంటాడు భర్త, వచ్చినవాళ్లతో. ఆ మాటకొస్తే ఆమె పెరిగిన ఇంట్లో, చదివిన చదువులో జారడమనే మాటకి మంచి పేరు ఎక్కడుంది? చెయ్యి జారితే పగిలింది. నోరు జారితే గొడవైంది. గుండె జారితే భయమేసింది. కాలు జారింది అంటే పడిందని ఒక అర్థం, ఆడపిల్ల సంగతిలోనైతే గొంతు తగ్గించి చెప్పే ఇంకో అర్థం. ఎంత వెతికినా ఒక్క జారుడుబల్లే మిగిలింది, దాన్ని కూడా ఒక వయసు దాటితే ఎక్కనివ్వరు. అలాంటి మాటని పట్టుకుని, జారడం నేర్చుకోవడానికి ఎక్కడో కొండల దాకా వెళ్లాలని, ముందుగా పేర్లు రాయించుకోవాలని, పాదాలు కొలిచి పంపాలని...

అంతా ఒక ఫొటోతో మొదలైంది. ఏదో పెద్ద కార్యాలయం కింది అంతస్తులో లిఫ్టు పాడైతే భర్త పదకొండు రోజులు అక్కడే పనిచేశాడు. లిఫ్టు తలుపుకి ఎదురుగా గోడంతా ఒకటే ఫొటోనట. తెల్లటి కొండ, దాని మీద మడత పెట్టి విప్పిన దుప్పటికి ఉన్నట్టు సన్నటి గీతలు, ఆ గీతల చివర నలుగురు మనుషులు, అందరికన్నా చిన్నది అందరికన్నా ముందు. పదకొండో రోజు భోజనం దగ్గర ఆయన చెయ్యి కంచంలోనే ఆపి, "ఆ తెల్లదనంలో ఎక్కడా ఒక్క మేకు లేదు, తాడు లేదు, పట్టుకునేది ఏదీ లేదు. అయినా వాళ్లు నిలబడే ఉన్నారు" అన్నాడు. పద్నాలుగేళ్ల పెద్దది కూడా ఫోనులోంచి తలెత్తింది. ఏడేళ్ల చిన్నది మాత్రం లేచి వెళ్లి, ఫ్రిజ్ పై అరలో పేరుకున్న మంచుని గోళ్లతో గీకి, అరచేతిలో పట్టుకొచ్చి బల్ల మీద కుప్ప పోసింది. ఆ ఇంటికి తెలిసిన మంచు అదొక్కటే. ఆ కుప్ప మీద అగ్గిపుల్ల పెట్టి జార్చింది. అది జారింది. కరిగి నీళ్లయ్యేలోపు నలుగురూ అలా చూస్తూనే ఉన్నారు. తర్వాత ఆమె తుడిచింది. తుడవడం ఎప్పుడూ ఆమే.

యాభై రెండు. మొదటి మూడు వరసలూ ఆమె చకచకా నింపేసింది. ఇంట్లోవాళ్ల సైజులు ఆమెకి నిద్రలో లేపి అడిగినా వస్తాయి. చొక్కాలవీ, బూట్లవీ, బడి సంచుల పట్టీలవీ. నింపింది దాచమని నొక్కింది. నాలుగో వరస తెల్లగా, అచ్చం ఆ కొండలా, కిందికి దిగుతూ ఉంది. అందులో ఏమీ రాయకుండా దాని కిందున్న గడిని చూసింది. చూసేవారు. వాళ్లకి ఎత్తు అక్కర్లేదు, బరువు అక్కర్లేదు, పాదం అక్కర్లేదు. వాళ్లు అద్దాల గదిలో కూర్చుని కోట్లు, మేజోళ్లు, నీళ్ల సీసాలు చూసుకోవచ్చు. ఆ పని ఆమెకి కొట్టినపిండి. అయినా అడుసు తొక్కనేల, కాలు కడగనేల? నలభై రెండేళ్ల మనిషి పడితే లేవడానికి పట్టే రోజులు ఆమెకి తెలుసు. లెక్కపెట్టింది కాబట్టి తెలుసు. అమ్మ పడినప్పుడు మంచం మీద నూట పన్నెండు రోజులు, చేతికర్రతో ఇప్పటికి ఇరవై రెండేళ్లు. డిగ్రీ ఆఖరి పరీక్ష రోజు. వసారా సబ్బునీళ్లతో కడిగింది ఆమె. బస్సు వస్తోందని, తుడవాల్సిన గుడ్డని బకెట్టు అంచున వేలాడేసి పరిగెత్తింది ఆమె. పరీక్ష బాగా రాసి, ఏదో పాట కూనిరాగం తీసుకుంటూ ఇంటికొచ్చేసరికి గుమ్మంలో పక్కింటావిడ నిలబడి ఉంది, బకెట్టు అంచున ఆ గుడ్డ ఎండిపోయి అట్టలా ఉంది. ఎవరూ ఒక్క మాట అనలేదు. అమ్మ అసలే అనలేదు. అంటే బాగుండేది. అన్న మాటకి ఎదురుచెప్పొచ్చు, ఏడవొచ్చు. అనని మాటతో ఏం చేస్తాం, రోజూ నేల తుడుస్తాం.

ఫోను మోగింది. కొండ దగ్గర సామాన్ల గదిలో పనిచేసే అతనట. గొంతులో చలి, వెనకాల ఇనుము మీద ఇనుము తగిలే చప్పుడు.

"అమ్మా, మీ ఫారం ఇప్పుడే నా ముందుకొచ్చింది. ఈ పాదాల కొలతలు... కాలివా, బూట్లవా?"

"బూట్లవేనండీ. సరిగ్గా రాశాను."

"సరిగ్గానే రాసుంటారు. పిల్లలకి ఒక సైజు పెద్దవి కొంటారా?"

ఈయనకెలా తెలిసిందబ్బా అనుకుంది. "పెరిగే కాళ్లు కదండీ."

"మరి మీ ఆయనవి?"

ఆమె నాలుక కరుచుకుంది. పిల్లలకి కొని కొని అదే చేత్తో ఆయనకీ ఒక సైజు పెద్దవే కొంటోందని ఆ క్షణం దాకా ఆమెకే తెలియదు. ఆయనా ఇన్నేళ్లుగా, లోపల మందపాటి అట్ట వేసుకుని, కిక్కురుమనకుండా తొడుక్కుంటున్నాడు. "అలవాటైపోయిందండీ" అంది.

అవతల అతను నవ్వాడు, వెక్కిరింతగా కాదు. "మూడ్రోజుల్లో ఎవరూ పెరగరమ్మా. ఇక్కడ పెరిగేందుకు చోటు వదలకూడదు. బూటు వదులైతే కాలు ఒకటి చెబుతుంది, స్కీ ఇంకోటి వింటుంది. ఇంకో సంగతి. మనిషి పడ్డప్పుడు స్కీ కాలి నుంచి ఊడిపోవాలి. ఊడకపోతే మోకాలు మెలిపడుతుంది. ఊరికే ఊడిపోయినా ప్రమాదమే. అందుకే ఎవరి బరువు, ఎవరి కాలు, ఎవరి స్వభావం చూసి వాళ్లకి మరలు బిగిస్తాం. జాగ్రత్త మనుషులకి కాస్త వదులుగా, త్వరగా విడిపోయేలా. దూకుడు మనుషులకి గట్టిగా. నిజం రాయాలండీ. కాళ్లు కొలిచి రాయండి." ఒక్క క్షణం ఆగి, "నాలుగో వరస ఖాళీగా ఉందేంటి?" అన్నాడు.

"అదా, చూస్తానండీ."

"అయితే చూసేవారిలో వెయ్యనా?"

"అయ్యో, ఆ చూస్తాను కాదండీ. ఆలోచిస్తానని."

"ఓహో, సరే, చూడండి" అని ఈసారి గట్టిగానే నవ్వి పెట్టేశాడు. ఆమె ఫోను బల్ల మీద బోర్లించి అలాగే కూర్చుంది. చూస్తాను. పెళ్లయ్యాక ఉద్యోగంలో చేరతావా అని స్నేహితురాలు అడిగితే చూస్తాను. ఈత నేర్పిస్తాను రా అని భర్త అడిగితే చూస్తాను. పిల్లలు రంగులరాట్నం ఎక్కమంటే చూస్తాను, మీరెక్కండి. ఒక్కసారి కూడా వద్దనలేదు. వద్దు అనే పాపం చెయ్యలేదు. చూస్తానంది, అన్నట్టే చూసింది, ఒడ్డున కూర్చుని, కింద నిలబడి, తువ్వాళ్లు పట్టుకుని. మాట తప్పలేదు.

నలభై ఒకటి. లేచి గుమ్మం దగ్గర భర్త పాత బూట్ల జత తీసి, లోపలి అట్టలు ఊడదీసింది. ఎన్నడూ తీసి చూడలేదు. వాటి మీద ఆయన పాదం ఉంది. ముద్ర కొట్టినట్టు, మడమ నల్లటి గిన్నెలా, అరికాలి వంపు దగ్గర ఏమీ లేకుండా, పైన ఐదు వేళ్లూ ఐదు మచ్చలు, చిటికెనవేలు పక్కదాని మీదికి ఎక్కి, నిలబడే చోటు చాలని మనిషిలా. ఎన్ని మెట్లు, ఎన్ని ఇనుప నిచ్చెనలు, ఎన్ని అంతస్తులు ఎక్కితే అట్ట మీద మనిషి దిగుతాడు? వేళ్లకి ముందు బొటనవేలెడు చోటు కొత్త అట్టలా మిగిలిపోయి ఉంది, ఇన్నేళ్లుగా ఎవరూ కాపురముండని గది. స్కేలు పెట్టి ముద్ర మాత్రమే కొలిచింది. ఇరవై ఆరున్నర సెంటీమీటర్లు. ఎంత మనిషి, ఎంత చిన్న పాదం! ఆయన ఒకసారి చెప్పాడు, లిఫ్టు తాళ్లన్నీ తెగినా లిఫ్టు పడిపోదు, వేగం హద్దు దాటగానే రెండు ఇనుప దవడలు పట్టాలని కరుచుకుంటాయి, ఎంత పడితే అంత గట్టిగా పట్టుకుంటాయి అని. ఆయన బతుకంతా పట్టుకోవడం. ఈ స్కీల దగ్గరేమో ఎవరో కూర్చుని, మనిషి పడేటప్పుడు ఎప్పుడు వదిలెయ్యాలో లెక్క కట్టారు. ఏడేళ్ల పిల్లకి ఇంత, పద్నాలుగేళ్ల పిల్లకి ఇంత. పట్టుకోవడానికి లెక్కలుంటాయని తెలుసు గానీ, వదలడానికి కూడా లెక్కలుంటాయా! మరలు తిప్పే పిడిలో అంత సన్నటి సంగతి పెట్టినవాడు ఎవడో గానీ, వాడికి పిల్లలుండి ఉంటారు అనుకుంది.

మళ్లీ ఫోను. ఈ వేళకి అమ్మ రోజూ చేస్తుంది, తమ్ముడి ఇంట్లో మధ్యాహ్నం నిద్ర లేచి, ముఖం కడుక్కుని, కర్ర కుర్చీకి ఆనించి. ఈ ప్రయాణం సంగతి ఆమె అమ్మకి రెండు వారాలుగా దాచింది.

"ఏం చేస్తున్నావే?"

"కాళ్లు కొలుస్తున్నానమ్మా."

"నీకేమైనా మతిపోయిందా? ఎవరి కాళ్లు?"

ఇక దాచి లాభం లేదు. చెప్పింది. పెద్ద కొండలు, మంచు, కాళ్లకి రెండు పొడుగాటి చెక్కలు తగిలించుకుని పైనుంచి కిందికి జారడం, స్కీయింగ్ అంటారు, మొదటిసారివాళ్లకి నేర్పిస్తారు, అంతా జాగ్రత్తగానే ఉంటుందట.

"ఏమంటారూ? ఇస్త్రీయా?"

"స్కీ అమ్మా, స్కీ."

"అదేలే. కొండకి ఇస్త్రీ." అమ్మ తన జోకుకి తనే కిచకిచ నవ్వింది. "జారడానికి అంత దూరం పోవాలా? నాకు మన వసారాయే సరిపోయింది."

అమ్మ ఆ వసారా మాట ఎత్తడం ఇదే మొదలు. పైగా నవ్వుతూ.

"నువ్వూ జారతావా, కోట్లు కాపలా కాస్తావా?"

"చూస్తానమ్మా."

"చూసింది చాల్లే. ఇంక దిగు."

ఏం మాటలివి? ఈ మనిషి నోట ఈ మాటలేంటి? చేతిలో ఆయన బూటు అట్ట, అట్ట మీద ఆయన పాదం, కళ్ల ముందు బకెట్టు అంచున ఎండిన గుడ్డ. ఇరవై రెండేళ్లుగా పంటికింద పట్టి ఉంచిన మాట, పట్టా లేని గుమ్మం మీద కాలు పెట్టినట్టు, జారింది. "అమ్మా, ఆరోజు నీళ్లు తుడవకుండా వెళ్లింది నేనే. బస్సొస్తోందని. నీకు తెలుసా?"

అవతల కర్ర నేలకి తగిలిన చప్పుడు ఒకటి. తర్వాత అమ్మ గొంతు బాగా తగ్గించి, ఇంట్లో ఎవరైనా వింటారేమోనన్నట్టు అంది, "పిచ్చిదానా, నీళ్లు చూడకుండా నడిచాననుకున్నావా?"

"మరి?"

"మీ నాన్న లేరు, తమ్ముడు లేడు, నువ్వు వెళ్లిపోయావు. ఇల్లంతా నాదే. ఎండ పడి వసారా అంతా అద్దంలా మెరుస్తోంది, సబ్బు నురగతో. చిన్నప్పుడు బడి వరండాలో వానాకాలం జారేవాళ్లం మేమంతా. ఒక్కసారి చూద్దామనిపించిందే. బట్ట తడవకుండా పైకి దోపుకుని, ఈ గోడ నుంచి ఆ గోడకి..."

"అమ్మా!"

"మూడుసార్లు జారాను. రెండుసార్లు గోడ దాకా వెళ్లి బాగానే ఆగాను. మూడోసారే, దురాశ. పరిగెత్తుకుంటూ వచ్చి మరీ జారాను." అమ్మ గొంతు సవరించుకుంది. "నలభై మూడేళ్ల మనిషి వసారాలో జారి ఆడుకుందని ఎవరితో చెప్పుకోను? డాక్టరు అడిగితే కాలు జారిందన్నాను. అబద్ధం కాదుగా."

"నాకైనా చెప్పొచ్చుగా!"

"చెబుదామనే అనుకున్నా. నేను మంచం దిగేసరికే నువ్వు పూటపూటా నేల తుడవడం మొదలుపెట్టావు. మంచి అలవాటే కదా అని ఊరుకున్నా."

అరికాలి మంట నెత్తికెక్కింది ఆమెకి. మంచి అలవాటా? ఇరవై రెండేళ్లు, రోజుకి నలభై ఒక్కసార్లు, మూడు రకాల గుడ్డలు, రబ్బరు పట్టాలు, జాగ్రత్తమ్మా! ఎన్ని మాటలో గొంతుదాకా వచ్చి, ఒకదాన్నొకటి తోసుకుని, ఏదీ బయటికి రాలేదు. రాకపోవడానికి కారణం, కళ్లముందు ఇంకో బొమ్మ నిలబడింది. ఖాళీ ఇల్లు, ఎండ, నురగ, చేతులు చాచి, దోపుకున్న బట్టతో, ఎవరూ చూడకుండా, గోడ నుంచి గోడకి వెళ్తున్న అమ్మ. ఆ అమ్మని ఆమె ఎన్నడూ చూడలేదు. ఆ వసారాని పరీక్ష హాల్లో కూర్చున్న కూతురుగా, ఇంటికొచ్చిన కూతురుగా వెయ్యిసార్లు తలుచుకుంది. ఆ రెంటికీ మధ్య అక్కడ ఇంత పెద్ద సంగతి జరిగిందని తెలియదు. అప్పుడు అమ్మ వయసు నలభై మూడు. తనకిప్పుడు నలభై రెండు. కోపం ఎక్కడికీ పోలేదు, అక్కడే ఉంది, కానీ దాని పక్కన కూర్చోవడానికి ఇంకేదో వచ్చి చోటడుగుతోంది.

"ఎలా ఉందమ్మా?" అంది చివరికి.

"ఏది?"

"జారినప్పుడు."

అమ్మ చెప్పినప్పుడు ఆ గొంతు అరవై అయిదేళ్లది కాదు. "జారినంతసేపూ... నేనేమీ చెయ్యట్లేదే. అయినా వెళ్తున్నాను. నా బరువు నాది కాదు. వంటింటి కిటికీ దాటిపోతోంది, స్తంభం దాటిపోతోంది, అవే కదులుతున్నట్టు. మళ్లీ అలా ఎప్పుడూ లేదే జన్మలో. ఆగడమే సరిగ్గా రాలేదు."

"అక్కడ మొదటిరోజు ఆగడమే నేర్పిస్తారటమ్మా."

"చూశావా మరి. నాకెవరు నేర్పారు?" అని, ఇంకేమీ జరగనట్టు, "పిల్లలొచ్చే వేళైంది, పెట్టెయ్. ఈ సంగతి మీ తమ్ముడికి చెప్పావంటే చూడు" అని ఫోను పెట్టేసింది.

ఇరవై నాలుగు. తలుపు తోసుకుని పిల్లలిద్దరూ వచ్చారు. పెద్దది సంచి కుర్చీలోకి విసిరి బూట్లు మడమతో మడమని తొక్కి ఊడదీసింది; చిన్నది గుమ్మం దగ్గర పట్టా మీద నిలబడి, ఈవేళ అమ్మ జాగ్రత్త అనలేదేంటా అని ముఖం వంక చూసింది. ఆమె అనలేదు. గోడకున్న పాత క్యాలెండరు కాగితాలు చింపి, నున్నటి వైపు పైకి పెట్టి నేల మీద పరిచింది. కాగితం సరిగ్గా పరుచుకోవాలని పట్టాని పక్కకి లాగేసింది. మేజోళ్లతో నిలబడండి, కదలొద్దు, నిజం కొలత కావాలి. చిన్నది నిలబడినంతసేపూ చక్కిలిగిలికి మెలికలు తిరిగింది. ఆ పాదం కాగితం మీద ఇరవై దగ్గర ఆగింది, ఒక చేతిలో పట్టేంత. దీన్ని కట్టుకుని కొండ మీంచా! అందరికన్నా ముందా! పెద్దదాని వంతొచ్చింది. మోకాళ్ల మీద కూర్చుని పెన్సిలు మడమ చుట్టూ తిప్పుతుంటే, ఎంతకీ తిరుగు ముగియదే! వంపు దాటి, పాదం పక్కంతా దాటి, పెన్సిలు పోతూనే ఉంది, తెలియని ఊళ్లో దారిలా. స్కేలు పెడితే ఇరవై నాలుగు. పుట్టిన రోజున ఈ పాదం ఆమె బొటనవేలంత లేదూ? ఆమె తలెత్తి చూసింది. కింద నుంచి చూస్తే పిల్ల ఎక్కడో పైన ఉంది, అంతస్తులు అంతస్తులుగా.

"ఒకటి కలపకు" అంది పై నుంచి పెద్దది. "నా బతుకులో ఒక్క జత కూడా సరిపోలేదు తెలుసా? ఆర్నెల్లు దూది కుక్కుకుని తిరగాలి. తీరా సరిపోయే రోజుకి చిరిగిపోతాయి."

"పెరుగుతావని కదే."

"పెరిగాను కదా. ఇప్పుడు ఉన్నదానికి కొను."

ఉన్నదానికి. సరే. మూడు వరసలూ చెరిపి, మళ్లీ రాసింది, ఏమీ కలపకుండా. బరువు గడి దగ్గర పెద్దది ఆమెని పక్కకి తోసి, "నువ్వు కళ్లు మూసుకో, నేను కొడతా" అని తానే అంకెలు కొట్టింది, నిజమే కొట్టానని ఒట్టేసింది. ఎలాంటివారు అన్నచోట ఆయనకి మామూలు. పెద్దది తనకి దూకుడు పెట్టుకోబోతే, అలా పెడితే స్కీ త్వరగా ఊడదు, మొదటిసారి పడేవాళ్లకి మంచిది కాదు అని ఆమె చెప్పింది, ఎక్కడో నేర్చుకున్నట్టు, పెద్ద గొంతుతో. మామూలు కొట్టింది పెద్దది, మూతి ముడిచి. చిన్నదానికి ఏం పెట్టాలో చిన్నదాన్నే అడిగితే ఆలోచించి, "నేను అగ్గిపుల్లలా వెళ్తా" అంది. ఆ గడి లేదు. జాగ్రత్త పెట్టారు.

పదకొండు. నాలుగో వరస. పిల్లలిద్దరూ ఆమె వంకే చూస్తున్నారు. ఆమె ఎత్తు రాసింది. స్నానాల గదిలో తూకం ఎక్కి, దిగి, నిజం బరువు రాసింది. పాదం దగ్గర ఆగింది. ఆమెది కాలేజీ రోజుల నుంచీ ఒకటే సైజు, ఇరవై మూడు, రాసెయ్యొచ్చు. నిజం రాయాలండీ. తనూ మేజోళ్లు తొడుక్కుని, పెన్సిలు తీసుకుని కాగితం మీద నిలబడి వంగింది. వంగితే మడమ లేచిపోతోంది, వేళ్లు ముడుచుకుపోతున్నాయి, గీత పాదాన్ని వదిలి ఎటో పోతోంది. నిలబడితే గీయడం కుదరదు, గీస్తే నిలబడడం కుదరదు. ఇన్నేళ్లలో ఇంట్లో అందరి కాళ్లూ కొలిచింది గానీ తన కాలు తను కొలుచుకోవడానికి వీలుగా మనిషిని చెయ్యలేదన్న సంగతి ఇప్పుడు తెలిసింది.

"నేను గీస్తా" అని చిన్నది పెన్సిలు లాక్కుని నేల మీద బోర్లా పడుకుంది. "నిటారుగా నిలబడు. కదలకు."

నిలబడింది. మడమ వెనక పెన్సిలు మొన తాకింది, చల్లగా. పాదం పక్కగా వస్తోంది, చిటికెనవేలు చుట్టూ తిరుగుతోంది, ఒక్కో వేలూ లెక్కపెట్టుకుంటూ, బొటనవేలి మొన దగ్గరికి. ఆమె ఆ కొలత ఎంతో చూద్దామని ఇసుమంత ముందుకి వాలింది. మేజోడు కింద నున్నటి కాగితం, కాగితం కింద రోజుకి రెండు పూటలు ఆమే తుడిచి తుడిచి మెరిపించిన నేల, పట్టా లేదు. కాగితం కదిలింది.

"జాగ్రత్తమ్మా, జాగ్రత్త!" అని పిల్లలిద్దరూ ఒకేసారి అరిచారు.

చెయ్యి బల్ల వైపు లేచింది. లేచి, బల్లకి జానెడు దూరంలో గాలిలోనే ఉండిపోయింది. ఎందుకంటే వెళ్తోంది. తనేమీ చెయ్యట్లేదు, అయినా వెళ్తోంది. కుర్చీ కాలు దాటిపోయింది. బల్ల అంచు, తడిగుడ్డ, తెరమీది అంకె, అవే కదిలి వెనక్కి పోతున్నట్టు. గుండెలో ఏదో జారింది, ఆ మాటకి ఎన్నడూ లేని అర్థంతో. రెండు జానలుంటుందేమో మొత్తం. రెండు జానల పొడవునా ఒక వసారా, ఎండ, నురగ, గోడ నుంచి గోడకి. తర్వాత కాగితం దానంతటదే, ఎవరూ ఆపకుండా, ఆగింది. ఆమె నిలబడే ఉంది. పట్టుకున్నది ఏదీ లేదు.

"ఛ, పాడైపోయింది" అంది చిన్నది. బొటనవేలి మొన దగ్గర నుంచి పెన్సిలు గీత కాగితం దాటి, నేల మీదికి, గచ్చు మీద జానెడు పొడుగున సాగిపోయి ఉంది. "మళ్లీ గియ్యాలి. అమ్మా, ఏడుస్తున్నావా నవ్వుతున్నావా?"

"మళ్లీ గియ్యి" అంది ఆమె.

ఇరవై నాలుగున్నర. పెద్దది స్కేలు తిప్పి తిప్పి చూసింది. "నాకన్నా అర ఎక్కువ! నీది ఇరవై మూడు అంటావుగా ఎప్పుడూ." ఆమె తన పాదం వంక చూసుకుంది. కడుపుతో ఉన్నప్పుడు ఆడవాళ్ల పాదాలు సాగుతాయని, మళ్లీ వెనక్కి రావని ఎవరో డాక్టరమ్మ అన్నట్టు గుర్తు. అప్పుడు నవ్వి ఊరుకుంది. అందుకా ఇన్నేళ్లూ ఏ చెప్పు వేసుకున్నా వేళ్లు నొక్కేది? ఇంటిల్లిపాదికీ పెరిగేందుకు చోటు వదిలిన మనిషి, తను పెరిగిన సంగతే చూసుకోలేదు. ఇద్దరు పిల్లలు, ఒక్కొక్కరు ముప్పావు. ఇరవై నాలుగున్నర అని కొట్టింది, ఏమీ కలపకుండా, ఏమీ తియ్యకుండా.

చివరి ప్రశ్న. ఎలాంటివారు? పెద్దది మూతి బిగబట్టి నవ్వాపుకుంటోంది. ఆమె జాగ్రత్త మీద నొక్కింది. "అది నీకోసమే పెట్టారమ్మా" అంది పెద్దది. అవునంది ఆమె. అలాంటివాళ్లకే మరలు వదులుగా బిగిస్తారనీ, అలాంటివాళ్లనే స్కీ త్వరగా వదిలిపెడుతుందనీ పిల్లకి చెప్పలేదు. మూడు నిమిషాలుండగా పంపమని నొక్కింది. తెర ఒక్కసారి తెల్లబడి, కొండంత తెల్లబడి, ఆ తెలుపులో నాలుగు వరసలు దిగాయి. నాలుగు చోట్లూ మీవే.

చిన్నది అప్పటికే ఫ్రిజ్ తలుపు తీసి మంచు గీకుతోంది. బల్ల మీద నీళ్లు. ఆమె తడిగుడ్డ తీసుకుని బల్ల తుడిచింది, బల్ల కింద తుడిచింది, క్యాలెండరు కాగితాలు ఎత్తి నేల తుడవడం మొదలుపెట్టింది. గచ్చు మీద జానెడు పెన్సిలు గీత దగ్గరికి వచ్చేసరికి గుడ్డ ఆగింది. గీత దాకా తుడిచి, గుడ్డ ఎత్తి, గీత దాటాక అవతలి వైపు మళ్లీ మొదలుపెట్టింది.